రెండు రంగుల ఎల్‌ఈడీ: రెండు కాళ్ళది కొనండి, మాడ్యూల్ జోలికి పోకండి

ముందే చెప్పేస్తా. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బల్బులో వెలిగే ఎల్‌ఈడీ కావాలంటే విడిగా దొరికే రెండు కాళ్ళ 5 మిల్లీమీటర్ల రకం తీసుకోండి. సెన్సర్ కిట్లలో కనిపించే, ఇలాంటి ఎల్‌ఈడీనే చిన్న బోర్డు మీద పెట్టి అమ్మే కేవై-011 మాడ్యూల్ కోసం వేరుగా డబ్బులు పెట్టొద్దు. మీ మైక్రోకంట్రోలర్‌లో, అంటే ప్రోగ్రామ్‌తో నడిచే చిన్న కంప్యూటర్ చిప్‌లో, రెండు పిన్నులు ఖాళీగా ఉంటే ఆ రెండూ దీనికే ఇచ్చేయండి. ఒక్క పిన్నుతో నడిపే పద్ధతులు కూడా ఉన్నాయి, వాటిని బ్రెడ్‌బోర్డ్ (సోల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చే బోర్డు) మీద కట్టి చూశాను, అందులో ఒకటి నిజంగా బాగుంది, ఇంకొకటి మాత్రం ఎవరికీ చెప్పను, ఎందుకో కింద వివరంగా రాస్తున్నా.

నేను దీన్ని వాడుతున్నది ఓవర్‌హెడ్ ట్యాంకు కంట్రోలర్‌లో. మోటారు స్విచ్ బోర్డు పక్కన ఒక్కటే చిన్న దీపం. ట్యాంకు నిండి ఉంటే ఆకుపచ్చ, మోటారు నడిచి నీళ్ళు ఎక్కుతుంటే పసుపు, ట్యాంకు అడుగంటినా, బోరులో నీళ్ళు రాక మోటారు ఉత్తినే తిరుగుతున్నా ఎరుపు. నాలుగో స్థితి ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది లెక్కలో వేసుకోరు: దీపం ఆరిపోయి ఉండటం. కంట్రోలర్‌కి కరెంటు అందకపోయినా, చిప్ రీసెట్‌లో ఇరుక్కున్నా దీపం ఆరిపోవాలి. ఇంట్లో అందరూ ఆ దీపం చూసే మోటారు వేస్తారు, ఆ దీపం చూసే ఊరుకుంటారు. చిప్ పని చేయని వేళ అక్కడ ఆకుపచ్చ వెలుగుతుంటే ఆ దీపం అబద్ధం చెబుతున్నట్టే. నేను దీని గురించి మంచి చెప్పినా చెడు చెప్పినా ఈ ఒక్క కొలతతోనే చెబుతున్నా.

వస్తువు సంగతికి వద్దాం. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్ళి రెండు రంగుల ఎల్‌ఈడీ అడిగితే కౌంటర్ దగ్గర వచ్చే మొదటి ప్రశ్న "రెండు కాళ్ళదా అన్నా, మూడు కాళ్ళదా?" అని. ఈ రెండూ వేర్వేరు వస్తువులు, బయటికి మాత్రం దాదాపు ఒకేలా కనిపిస్తాయి. రెండు కాళ్ళ దానిలో ఎరుపు చిప్, ఆకుపచ్చ చిప్ (ఇక్కడ చిప్ అంటే వెలుగునిచ్చే చిన్న ముక్క) ఎదురెదురుగా తిరగేసి కలిపి ఉంటాయి, అంటే కరెంటు ఇటు నుంచి అటు పోతే ఒక రంగు, అటు నుంచి ఇటు వస్తే ఇంకో రంగు. ఒక క్షణంలో రెండూ వెలగడం దీనిలో కుదరదు. మూడు కాళ్ళ దానిలో మధ్య కాలు ఉమ్మడిది, ఎక్కువగా కామన్ కాథోడ్ (మైనస్ ఉమ్మడి) దొరుకుతుంది, అడిగితే కామన్ ఆనోడ్ (ప్లస్ ఉమ్మడి) కూడా ఇస్తారు, దానిలో రెండు రంగులూ ఒకేసారి వెలిగించుకోవచ్చు. మల్టీమీటర్‌ని డయోడ్ టెస్ట్‌లో పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది, రెండు కాళ్ళది అటు పెట్టినా ఇటు పెట్టినా రీడింగ్ చూపిస్తుంది. ఎరుపుకి 1.8 వోల్టుల చుట్టుపక్కల, ఆకుపచ్చకి కొంచెం ఎక్కువ.

ఒక ప్రశ్న ఎప్పుడూ వస్తుంది: ఎల్‌ఈడీకి వెనక నుంచి వోల్టేజి పడకూడదు కదా, దీన్ని తిప్పి తిప్పి నడిపితే పోదా? పోదు. మామూలు ఎల్‌ఈడీలు ఎదురు దిశలో 5 వోల్టుల వరకే తట్టుకుంటాయని డేటాషీట్లలో ఉంటుంది, కానీ ఇక్కడ ఒక చిప్‌కి ఎదురు వోల్టేజి పడే సమయంలో పక్క చిప్ వెలుగుతూ దాన్ని 2 వోల్టుల దగ్గరే పట్టి ఉంచుతుంది. ఒకదానికి ఒకటి కాపలా.

ఇప్పుడు కేవై-011. 37 సెన్సర్ల కిట్ కొన్నవాళ్ళందరి డబ్బాలోనూ ఇది ఉంటుంది. చిన్న నల్ల బోర్డు, దాని మీద 5 మిల్లీమీటర్ల మూడు కాళ్ళ కామన్ కాథోడ్ ఎల్‌ఈడీ, కింద మూడు పిన్నులు. దీనికే 3 మిల్లీమీటర్ల తమ్ముడు కేవై-029. నాకు నచ్చనిది ఒక్కటే, కానీ అది పెద్దది: బోర్డు మీద కరెంటును అదుపులో పెట్టే రెసిస్టర్లు లేవు. మాడ్యూల్ అనే పేరు పెట్టి అమ్మే వస్తువు నుంచి కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఆశించేది వైర్లు గుచ్చితే పని చేయాలని. అదే కిట్‌లో చాలా మాడ్యూళ్ళు అలాగే పని చేస్తాయి. దీన్ని మాత్రం నేరుగా 5 వోల్టుల పిన్నుకి తగిలిస్తే కరెంటును ఆపేది ఏదీ ఉండదు, పిన్ను లోపలి ట్రాన్సిస్టర్ ఎంత ఇవ్వగలిగితే అంతా ఇచ్చేస్తుంది, వెలుగు చూసి బాగుందనుకునే లోపు ఎల్‌ఈడీకో, పిన్నుకో ఆయుష్షు తగ్గుతుంది. పైగా బోర్డు మీద ఉండే గుర్తులు మైనస్ ఒకటి, ఎస్ అక్షరం ఒకటి, మధ్య దానికి ఏమీ ఉండదు. ఏది ఎరుపు, ఏది ఆకుపచ్చ అన్నది చేత్తో పరీక్షించి తెలుసుకోవాల్సిందే. రెండు రెసిస్టర్లు అతికించి, రెండు అక్షరాలు ముద్రించి ఉంటే ఇది చక్కటి వస్తువు అయ్యేది.

మంచి కూడా చెప్పాలి కదా. జంపర్ వైర్లు నేరుగా దిగుతాయి, బడి పిల్లలకి చూపించడానికి చేతికి అందే సైజులో ఉంటుంది, రెండు రంగులూ ఒకేసారి వెలిగించి పసుపు చూపించడానికి ఏ టైమర్ తెలివీ అక్కర్లేదు, రెండు డిజిటల్‌రైట్‌లు (పిన్నుని ఆన్ చేసే ఆర్డ్వినో ఆదేశాలు) చాలు. కిట్‌లో వచ్చింది ఉంటే హాయిగా వాడండి, రెండు 330 ఓమ్‌ల రెసిస్టర్లు మాత్రం పెట్టి వాడండి. విడిగా ఎల్‌ఈడీ ధర పది రూపాయల లోపే, మాడ్యూల్ దానికి నాలుగైదు రెట్లు, ఆ తేడాకి మీకు దొరికేది మూడు పిన్నులూ ఒక బోర్డు ముక్క.

రెసిస్టర్ లెక్క ఒకసారి చూద్దాం, ఎందుకంటే ఎల్‌ఈడీ బాగాలేదని రాసే చాలామంది ఇబ్బంది నిజానికి ఇక్కడే ఉంటుంది. ఆర్డ్వినో ఊనో లాంటి 5 వోల్టుల బోర్డు మీద, 2 వోల్టులు ఎల్‌ఈడీకి పోతే మిగిలేవి 3. 330 ఓమ్‌లు పెడితే 9 మిల్లీ యాంప్‌లు, 220 పెడితే పదమూడున్నర. ఇండికేటర్‌కి 9 చాలు, రాత్రి పూట అయితే ఎక్కువే. ఊనోలోని ఏటీమెగా 328పీ చిప్‌కి పిన్నుకి 40 మిల్లీ యాంప్‌లు అని డేటాషీట్‌లో కనిపించే అంకె భరించగల ఆఖరి హద్దు, రోజూ వాడుకునే అంకె కాదు. 20 దాటకుండా చూసుకోవాలి, చిప్ మొత్తం మీద 200 దాటకూడదు. ఇంత వరకు ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇబ్బంది 3.3 వోల్టుల బోర్డులతో మొదలవుతుంది. ఈఎస్‌పీ32, రాస్ప్‌బెర్రీ పై పికో లాంటివి వాడేటప్పుడు ఆకుపచ్చ చిప్ ఏ రకమో కచ్చితంగా తెలుసుకుని కొనండి. పాత రకం ఆకుపచ్చ కాస్త పసుపు కలిసినట్టు, లేత అరటాకు రంగులో వెలుగుతుంది, దానికి 2.1 వోల్టుల ప్రాంతం చాలు. కొత్త రకాన్ని షాపుల్లో ప్యూర్ గ్రీన్ అంటారు, కాస్త నీలం ఛాయ ఉన్న పచ్చ, కళ్ళు చెదిరేంత వెలుగు, కానీ దానికి 3 వోల్టులు, కొన్నిటికి ఇంకా ఎక్కువే కావాలి. 3.3లో 3 పోతే మిగిలేది 0.3. పిన్ను లోపల పోయేది కూడా లెక్కేస్తే రెసిస్టర్‌కి ఏమీ మిగలదు, ఒక ఎల్‌ఈడీ మినుకుమంటుంది, పక్కది బాగానే వెలుగుతుంది, వేడెక్కితే ఇంకోలా ఉంటుంది. అందుకే 3.3 వోల్టులకి పాత రకమే తీసుకోండి, 150 ఓమ్‌లు పెడితే 8 మిల్లీ యాంప్‌ల దాకా వస్తాయి, 220 పెడితే ఐదున్నర. పికోలో పిన్నుకి డ్రైవ్ స్ట్రెంగ్త్ 2, 4, 8, 12 మిల్లీ యాంప్‌లని నాలుగు సెట్టింగులు ఉంటాయి, మొదట 4 దగ్గర ఉంటుంది. ఆ సెట్టింగ్ కరెంటును అక్కడ ఆపేస్తుందని కొంతమంది రెసిస్టర్ తీసేస్తుంటారు, అలా చేయొద్దు, అది అంత కరెంటు దగ్గర వోల్టేజి ఎంత నిలబడుతుందో చెప్పే అంకె మాత్రమే.

8051 అనే పాత రకం మైక్రోకంట్రోలర్ వాడేవాళ్ళకి ఒక మాట, మన పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ ల్యాబుల్లో ఇప్పటికీ అవే బోర్డులు కాబట్టి. ఆ కుటుంబంలోని ఏటీ89ఎస్52 పిన్ను కరెంటును లాగేసుకోవడంలో బలంగా ఉంటుంది, పిన్నుకి 10 మిల్లీ యాంప్‌ల వరకు లాగుతుంది, బయటికి ఇవ్వడంలో మాత్రం చాలా బలహీనం, ఇచ్చేది మైక్రో యాంప్‌ల లెక్కలో. రెండు కాళ్ళ ఎల్‌ఈడీకి ఒక పిన్ను ఇవ్వాలి, రెండోది లాగాలి కాబట్టి 8051 మీద అది వెలగదు, కామన్ కాథోడ్ మాడ్యూల్ కూడా అంతే. ప్రాజెక్టు వైవాకి ముందు రోజు రాత్రి ఎల్‌ఈడీ పాడైందని టెన్షన్ పడకండి, కామన్ ఆనోడ్ రకం తెచ్చుకుని మధ్య కాలు 5 వోల్టులకి, పక్క కాళ్ళు రెసిస్టర్ల గుండా పిన్నులకి కట్టండి, చక్కగా వెలుగుతుంది. ఒక్క పోర్టు మొత్తం మీద లాగగలిగేది కూడా తక్కువే, పోర్టు 1, 2, 3లకి 15 మిల్లీ యాంప్‌లు, కాబట్టి రెసిస్టర్ 470 ఓమ్‌ల దగ్గర ఉంచండి. అదనపు పిన్నులు ఇచ్చే పీసీఎఫ్8574 ఎక్స్‌పాండర్‌ది కూడా ఇదే స్వభావం.

ఇక నాకు బాగా నచ్చిన భాగం, రెండు పిన్నులతో రెండు కాళ్ళ ఎల్‌ఈడీని నడపడం. ఒక పిన్ను హై (వోల్టేజి ఉంది), రెండోది లో (సున్నా) అంటే ఎరుపు. ఉల్టా చేస్తే ఆకుపచ్చ. రెండూ లో అంటే ఆరిపోతుంది. గబగబా అటూ ఇటూ మారిస్తే కంటికి పసుపు. రెసిస్టర్ ఒక్కటి చాలు. ఇంకా ముఖ్యంగా, రీసెట్ సమయంలో ఊనోలో ఉండే ఏవీఆర్ రకం చిప్ పిన్నులన్నీ ఇన్‌పుట్‌లుగా (కరెంటు ఇవ్వకుండా, లాగకుండా) మారిపోతాయి కాబట్టి ఎల్‌ఈడీకి రెండు పక్కలా దారి మూసుకుపోయి తనంతట తాను ఆరిపోతుంది. నేను పైన చెప్పిన నాలుగో స్థితి ఒక్క అదనపు భాగం కూడా లేకుండా ఉచితంగా వచ్చేసినట్టు. ఈ ఒక్క కారణానికే నేను ఈ పద్ధతికి పూర్తి మార్కులు వేస్తా.

పసుపు రంగును ప్రోగ్రామ్ లూప్‌లో డిలేలు పెట్టి తయారు చేయకండి. మొదటి కారణం మినుకు. సెకనుకి 50 సార్ల కంటే తక్కువ మారిస్తే కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది, 100 దాటినా తల తిప్పినప్పుడు ఎరుపు చుక్క, పచ్చ చుక్క విడివిడిగా గీతలా కనిపిస్తాయి. రెండో కారణం పెద్దది: లూప్ ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ క్షణంలో ఏ రంగు ఉందో అదే నిలిచిపోతుంది, పసుపు అనుకున్నది ఆకుపచ్చగా గడ్డకట్టి కూర్చుంటుంది. ఊనోలో 9, 10 పిన్నులు రెండూ టైమర్ 1 అనే హార్డ్‌వేర్ భాగం కింద ఉంటాయి. 9వ పిన్ను అవుట్‌పుట్‌ని మామూలుగా, 10వ దాన్ని తిరగేసి పని చేసేలా కంట్రోల్ రిజిస్టర్‌లో పెట్టి, రెండు కంపేర్ రిజిస్టర్లలోనూ ఒకే విలువ రాస్తే, ఒకటి హైగా ఉన్నంత సేపూ రెండోది లోగా ఉంటుంది, ప్రాసెసర్ ప్రమేయం లేకుండా హార్డ్‌వేరే సెకనుకి 490 సార్లు తిప్పుతుంది. ఆ విలువ 0 అయితే పూర్తిగా ఒక రంగు, 255 అయితే పూర్తిగా రెండోది, మధ్యలో నారింజ నుంచి నిమ్మపండు రంగు దాకా అన్నీ. ఆర్పాలంటే రెండు పిన్నుల్నీ ఇన్‌పుట్‌గా మారిస్తే సరి. పికోలో ఇంకా సులువు, పక్కపక్కనే ఉండే సరి, బేసి పిన్నులు ఒకే పీడబ్ల్యూఎం (పిన్నుని వేగంగా ఆన్, ఆఫ్ చేసే పద్ధతి) స్లైస్‌లో ఉంటాయి, 0, 1 లాగా, వాటిలో ఒక చానల్‌ని తిరగేసే బిట్ అక్కడే ఉంది.

రంగుల తూకం గురించి కూడా చెప్పాలి. రెండు రంగులకీ రెసిస్టర్ ఒకటే కాబట్టి ఏది ఎక్కువ వెలిగితే దాన్ని రెసిస్టర్‌తో తగ్గించడం కుదరదు, సమయంతోనే సర్దాలి. నా దగ్గరున్న పాత రకంలో సగం సగం ఇస్తే పసుపు రాదు, ముదురు నారింజ వస్తుంది, ఎరుపు చిప్ డామినేట్ చేస్తోంది. ఆకుపచ్చకి మూడింట రెండు వంతుల సమయం ఇచ్చాక చూడగానే పసుపు అనిపించింది. ప్యూర్ గ్రీన్ రకంలో ఇది తిరగబడుతుంది, దానిలో ఆకుపచ్చనే బాగా తగ్గించాలి. అద్దంలా ఉండే క్లియర్ బల్బు తీసుకుంటే ఎంత సర్దినా రెండు చుక్కలు పక్కపక్కన కనిపిస్తూనే ఉంటాయి, పాలపొరలా ఉండే డిఫ్యూజ్డ్ రకమే రంగుల్ని కలుపుతుంది. ఇది కొనేటప్పుడే చూసుకోవాలి, తరువాత గరుకు కాగితంతో రుద్ది సర్దుకునే పని ఎందుకు.

ఇంకొక లాభం నాకు ఇన్‌స్టలేషన్‌లో కనిపించింది. కంట్రోలర్ మెట్ల కింద ఉంది, దీపం వరండాలో. రెండు కాళ్ళ ఎల్‌ఈడీకి రెండు వైర్లు చాలు, మామూలు కాలింగ్ బెల్‌కి లాగే జంట వైరు సరిపోయింది, మూడు రంగుల స్థితులూ ఆ రెండు తీగల మీదే పోతాయి. మూడు కాళ్ళదైతే మూడో తీగ లాగాలి, పాత పైపులో అది దూరదు. వైరు పొడుగైతే మాత్రం ఒక జాగ్రత్త తీసుకోండి: 330 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టే బదులు ప్రతి పిన్ను దగ్గరా 150 ఓమ్‌లది ఒకటి, మొత్తం రెండు, బోర్డు వైపే పెట్టండి. ఎల్‌ఈడీకి 10 మిల్లీ యాంప్‌లు వస్తాయి, ఎప్పుడైనా ఆ వైరు ఎలుక కొరికో మేకు దిగో గ్రౌండ్‌కి తగిలినా 5 వోల్టుల పిన్ను మీద పడేది 33 మిల్లీ యాంప్‌లే, ఆఖరి హద్దు లోపే. రెసిస్టర్‌ని ఎల్‌ఈడీ దగ్గర పెడితే ఈ కాపలా ఉండదు.

ఇప్పుడు ఒక్క పిన్ను సంగతి. ఏటీటైనీ85 లాంటి ఎనిమిది కాళ్ళ చిప్ వాడేటప్పుడు చేతిలో ఉండేవి ఐదు పిన్నులు, నీటి మట్టం ప్రోబులకి మూడు, మోటారుని ఆన్ చేసే రిలేకి ఒకటి పోతే దీపానికి మిగిలేది ఒక్కటే. అప్పుడు పని చేసే పద్ధతి వోల్టేజి డివైడర్. రెండు 220 ఓమ్‌ల రెసిస్టర్లు 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య వరసగా కట్టి, వాటి మధ్య బిందువుకి ఎల్‌ఈడీ ఒక కాలు, పిన్నుకి రెండో కాలు. మధ్య బిందువు రెండున్నర వోల్టుల దగ్గర ఉంటుంది. పిన్ను హై అయితే కరెంటు ఇటు, లో అయితే అటు, ఇన్‌పుట్ చేస్తే ఎటూ పోదు. చూశారా, ఆరిపోయే స్థితి ఇక్కడ కూడా బతికే ఉంది, రీసెట్‌లో పిన్ను ఇన్‌పుట్ అవుతుంది కాబట్టి దీపం ఆరుతుంది. అదే పిన్ను మీద పీడబ్ల్యూఎం ఇస్తే పసుపు కూడా వస్తుంది. వేరే రెసిస్టర్ అక్కర్లేదు, డివైడరే ఆ పని చేస్తుంది. వెలుగు మాత్రం తక్కువ, ఎరుపుకి 5 మిల్లీ యాంప్‌లు, ఆకుపచ్చకి 4 లోపు. ఇంట్లోకి చాలు, ఎండలో చాలదు. దీపం ఆరి ఉన్నా ఆ రెండు రెసిస్టర్ల గుండా 11 మిల్లీ యాంప్‌లు ఎప్పుడూ కారుతూనే ఉంటాయి, అడాప్టర్ మీద నడిచేదానికి అది లెక్కలోకి రాదు, బ్యాటరీ మీద అయితే ఈ పద్ధతి మర్చిపోండి. ఇంకా, 3.3 వోల్టుల బోర్డు మీద ఇది అసలు పని చేయదు, మధ్య బిందువు 1.65 దగ్గర ఉంటుంది, ఏ చిప్ వెలగడానికీ అది సరిపోదు. నెట్‌లో దొరికిన బొమ్మ చూసి ఈఎస్‌పీ32కి కట్టి, ఎల్‌ఈడీ డెడ్ అని పారేయకండి.

నేను వద్దంటున్నది ట్రాన్సిస్టర్ పద్ధతి. మూడు కాళ్ళ కామన్ కాథోడ్ ఎల్‌ఈడీ, ఒక బీసీ547 ట్రాన్సిస్టర్. పిన్ను నుంచి రెసిస్టర్ గుండా ఎరుపు, 5 వోల్టుల నుంచి రెసిస్టర్ గుండా ఆకుపచ్చ, ఆకుపచ్చ ఆనోడ్‌ని గ్రౌండ్‌కి లాగేసేలా ట్రాన్సిస్టర్, దాని బేస్ 10 కిలో ఓమ్‌ల గుండా అదే పిన్నుకి. పిన్ను హై అయితే ఎరుపు వెలిగి ఆకుపచ్చ ఆరుతుంది, లో అయితే ఆకుపచ్చ. సర్క్యూట్ అందంగా ఉంటుంది, 3.3 వోల్టుల మీద కూడా నడుస్తుంది, అందుకే చాలామంది ఇది చూపిస్తారు. కానీ చిప్ రీసెట్‌లో ఉన్నా, ప్రోగ్రామ్ ఎక్కించకపోయినా, సాకెట్‌లోంచి చిప్ పీకేసినా ఆకుపచ్చ నిశ్చింతగా వెలుగుతూనే ఉంటుంది. ట్యాంకు నిండింది, అంతా బాగుంది అని చెబుతూ. ఆరే స్థితి దీనిలో లేనే లేదు. పిన్ను కోసం ఇంత ధర చెల్లించకూడదు. తప్పనిసరై కట్టాల్సి వస్తే రంగులైనా తారుమారు చేయండి, ట్రాన్సిస్టర్ పక్కకి ఎరుపు రావాలి, చిప్ లేని వేళ కనబడేది ఎరుపే అవ్వాలి.

ఇవన్నీ ఎందుకు, ఒక్క పిన్నుతో వందల రంగులిచ్చే డబ్ల్యూఎస్2812 ఎల్‌ఈడీ పెట్టుకోవచ్చు కదా అని అడిగేవాళ్ళు ఉంటారు, న్యాయమైన ప్రశ్నే. అలంకరణకి అది అద్భుతమైన వస్తువు. స్థితి చూపించే దీపంగా నాకు నచ్చలేదు, ఎందుకంటే ఆఖరున పంపిన రంగును అది తన దగ్గరే దాచుకుంటుంది, చిప్ ఆగిపోయినా దానికి కరెంటు అందుతున్నంత కాలం అదే రంగు చూపిస్తూ ఉంటుంది. పైగా మూడు తీగలు, 5 వోల్టుల మీద నడిపితే డేటా సిగ్నల్ 3.5 వోల్టులు ఉండాలి కాబట్టి 3.3 బోర్డుతో అంచు మీద నడక.

అపార్ట్‌మెంట్‌లో మూడు ట్యాంకులకి మూడు దీపాలు కావాలంటే రెండు కాళ్ళ రకానికి ఇంకో అందం ఉంది. ఇది తక్కువ పిన్నులతో ఎక్కువ ఎల్‌ఈడీలు నడిపే చార్లీప్లెక్సింగ్‌కి పుట్టిన జంట. మాక్సిమ్ కంపెనీలో చార్లీ ఆలెన్ 1995లో ప్రతిపాదించిన పద్ధతి అది, మూడు పిన్నుల మధ్య ఆరు ఎల్‌ఈడీలు నడపొచ్చు, అంటే మన రెండు రంగులవి మూడు. నాలుగు పిన్నులకి రెండు రంగులవే ఆరు వస్తాయి. ఒక్కో క్షణం ఒక్కటే వెలుగుతుంది కాబట్టి వేగంగా తిప్పాలి, వెలుగు పంచుకుంటుంది.

ఎల్‌ఈడీ ఏదైనా, పద్ధతి ఏదైనా రెండు పనులు చేయండి. వాచ్‌డాగ్ టైమర్ ఆన్ చేయండి, ఏటీమెగాలో అది 8 సెకన్ల వరకు పెట్టుకోవచ్చు, ప్రోగ్రామ్ ఇరుక్కుంటే చిప్ రీసెట్ అయి దీపం ఒకసారి ఆరి వెలుగుతుంది, చూసేవాళ్ళకి తెలుస్తుంది. రెండోది, ఎరుపుని ఊరికే వెలిగించకుండా బ్లింక్ చేయించండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్ళు మనం అనుకునే దానికంటే ఎక్కువ మందే ఉంటారు, వాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలియదు కూడా. వాళ్ళకి పాత రకం లేత పచ్చ, ఎరుపు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. కదలకుండా వెలిగేది మంచి కబురు, కొట్టుకునేది చెడ్డ కబురు అని పెట్టుకుంటే అందరికీ అర్థమవుతుంది. ఈఎస్‌పీ32 వాళ్ళకి చిన్న హెచ్చరిక: 34 నుంచి 39 దాకా పిన్నులు ఇన్‌పుట్‌కే, వాటితో ఏ దీపమూ వెలగదు, 0, 2, 12, 15 పిన్నులు బూట్ అయ్యే తీరును నిర్ణయిస్తాయి కాబట్టి వాటికి ఎల్‌ఈడీ కట్టకపోవడమే మంచిది.

మార్కులు వేయమంటే రెండు కాళ్ళ డిఫ్యూజ్డ్ ఎల్‌ఈడీకి ఐదుకి నాలుగున్నర, కేవై-011కి రెండున్నర. ఆ అర మార్కు కోత ఎందుకంటే విడి ఎల్‌ఈడీలు చాలా చోట్ల పేరు, నంబరు, డేటాషీట్ ఏమీ లేకుండా ప్లాస్టిక్ కవర్లో వస్తాయి, ఆకుపచ్చ ఏ రకమో అమ్మే వాళ్ళకి కూడా తెలియదు. అందుకే షాపుకి వెళ్ళేటప్పుడు ఒక సీఆర్2032 బటన్ సెల్ జేబులో వేసుకెళ్ళండి. ఎల్‌ఈడీ రెండు కాళ్ళ మధ్య దాన్ని పట్టుకుంటే ఒక రంగు, తిప్పి పట్టుకుంటే రెండోది వెలగాలి, రెసిస్టర్ అక్కర్లేదు, సెల్ లోపలి నిరోధమే చాలు. ఆ 3 వోల్టుల మీద ఆకుపచ్చ ఎరుపుతో పోటీ పడి వెలిగితే పాత రకం, మీ 3.3 వోల్టుల బోర్డుకి పనికొస్తుంది. నీలం ఛాయతో నీరసంగా మినుకుమంటే ప్యూర్ గ్రీన్, అది ఊనోకే ఉంచుకోండి. ఒక్కోటీ అటూ ఇటూ తిప్పి చూసి, రెండు రంగులూ వెలిగినవే కవర్లో వేయించుకోండి.